ఫోటోలో లేని వైపు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున జీలుగుపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో వరహాలు అని ఒక పిల్ల ఉండేది. నీకన్నా రెండేళ్ళు పెద్దదేమో, పదేళ్ళుంటాయి. కాళ్ళ మీదకి దుప్పటి లాక్కో, చెబుతాను.

వరహాలు వాళ్ళయ్య పైడిరాజు రేవులో పడవ నడిపేవాడు. ఈ గట్టు వాళ్ళని ఆ గట్టుకీ, ఆ గట్టు వాళ్ళని ఈ గట్టుకీ దాటించేవాడు. మంచివాడే, కానీ మాట తక్కువ. వరహాలు వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ, పిల్లకి ఏడాదిన్నర ఉండగా జ్వరమొచ్చి పోయింది. ఆనాటి నుంచీ పైడిరాజు నోట ఆవిడ పేరు ఎవరూ వినలేదు.

ఇంట్లో అమ్మది ఒకటే ఫోటో. పెళ్ళయిన కొత్తలో పట్నం వెళ్ళి తీయించుకున్నది. అందులో అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఎదురుగా చూస్తూ ఉంటుంది. వరహాలు రోజూ దాన్ని చూసేది. ఒకరోజు ఏం తోచిందో, ఫోటో గోడ మీంచి దింపి వెనక్కి తిప్పింది. వెనకాల అట్ట ఉంది. పక్కనుంచి చూసింది. సన్నటి చెక్క అంచు ఉంది.

అప్పుడు ఆ పిల్లకి ఏడుపొచ్చింది. అందరి అమ్మలకీ వీపుంది, జడుంది, పక్కనుంచి చూస్తే చెవీ బుగ్గా ఉన్నాయి. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంటే పిల్లలు వెనకనుంచి వెళ్ళి మెడ చుట్టూ చేతులేస్తారు. మా అమ్మకి ముందువైపు ఒక్కటే ఉంది, అనుకుంది.

ఆ ఊళ్ళో సూరమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. పాత కాగితాలు నానబెట్టి, దంచి, ఆ గుజ్జుతో జాతరలకి బొమ్మలు చేసేది. వరహాలు తిన్నగా వాళ్ళ అరుగు దగ్గరికి వెళ్ళింది.

"మామ్మా, మా అమ్మ బొమ్మ కావాలి. చుట్టూ తిరిగి చూసేలా ఉండాలి."

సూరమ్మ గుజ్జు చేతులు తుడుచుకుంది. "నేనీ ఊరొచ్చి నాలుగేళ్ళేనమ్మా. మీ అమ్మని నేను చూడనే లేదు. నేర్పుతాను, నువ్వే చేసుకో."

మొదట చెంబుతో మొదలెట్టింది. అరుగు మీద రాగిచెంబు పెట్టి, పిల్లకి పలకా బలపం ఇచ్చి, "పది లెక్కపెడతాను. ఈలోపు చెంబు గీసెయ్యాలి" అంది. పది అయ్యేసరికి వరహాలు చెంబు మూతి దగ్గరే ఉంది. తుడిచి మళ్ళీ గీసింది, సగం వచ్చింది. మూడోసారి చెంబంతా వచ్చింది, కాకపోతే వంకరగా వచ్చింది.

"వంకరే, కానీ చెంబు కనబడుతోంది" అంది సూరమ్మ.

"ఎందుకు మామ్మా ఇంత తొందర?"

"నిదానంగా గీస్తే నీకు తెలిసిన చెంబు గీస్తావు. గబగబా గీస్తే ఎదురుగా ఉన్న చెంబు గీస్తావు."

ఆ తర్వాత మేక. గుంజకి కట్టిన మేకని ముందునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి గీయించింది. మేకేమైనా నిలబడుతుందా? ఆకు కోసం అటు తిరుగుతుంది, ఈగ వాలితే ఇటు తిరుగుతుంది. వరహాలు పలక పట్టుకుని దాని చుట్టూ తిరిగేది. నాలుగు రోజులయ్యాక సూరమ్మ ఆ పిల్లని మేకకి ఎదురుగా కూర్చోబెట్టి, "ఇప్పుడు దాని వెనక్కాళ్ళు గీయి" అంది. కనబడనివి ఎలా గీయడం? కానీ నాలుగు రోజులు తిరిగిన కాళ్ళు కదా, చెయ్యి దానంతటదే గీసింది.

ఆ తర్వాత మట్టి. ఏటి బంకమట్టి గుప్పెడు చేతిలో పెట్టి, "నేనీ చిక్కుడుకాయలు ఒలిచేలోపు మేకని చెయ్యి" అంది సూరమ్మ. వరహాలు ముందు చెవులు చేసింది, కళ్ళు గుచ్చింది, కొమ్ములు తీర్చింది. కాయలన్నీ అయిపోయాయి. చెవులూ కొమ్ములూ ఉన్నాయి, మేక లేదు.

"కళ్ళూ చెవులూ ఆఖరికి. ముందు మూడు ముద్దలు పెట్టు, ఒళ్ళొకటి, మెడొకటి, తలొకటి. అవి ఎటు వాలాయో చూడు. వాలు కుదిరితే అరమైలు దూరాన్నించి కూడా మేకని గుర్తుపడతారు."

బొమ్మ అవగానే సూరమ్మ దాన్ని నలిపేసి మళ్ళీ ముద్ద చేసేది. మొదట్లో వరహాలుకి ప్రాణం ఉసూరుమనేది. తర్వాత తర్వాత తనే నలిపేసి, "మళ్ళీ" అనేది. వానలు వెళ్ళాయి, చలి వచ్చింది. ఆ పిల్ల చేతుల్లోంచి ఎన్ని మేకలు, ఎన్ని కోళ్ళు, ఎన్ని కూర్చున్న ముసలమ్మలు వచ్చి వెళ్ళారో లెక్కే లేదు.

అప్పుడు ఒకరోజు అమ్మ బొమ్మ చెయ్యడానికి కూర్చుంది. ఫోటో ఎదురుగా పెట్టుకుని పెద్ద కళ్ళు, తీరైన పెదాలు చేసింది. పక్కింటి దాలమ్మ చూసి, "ఎవరే ఈవిడ, అమ్మవారా?" అంది. వరహాలు దాన్ని అక్కడికక్కడే నలిపేసింది.

ఆ తర్వాత మేనత్త తవిటమ్మ దగ్గరికి వెళ్ళింది. "అత్తా, అమ్మ ముక్కు పక్కనుంచి ఎలా ఉండేది? కొప్పు ఎక్కడ పెట్టేది?" అని అడిగింది. ముక్కు కొస కొంచెం పైకి ఉండేదనీ, కొప్పు మెడ మీదకి జారేలా పెట్టేదనీ తవిటమ్మ చెప్పింది. అలాగే చేసి తీసుకెళ్ళింది. తవిటమ్మ చుట్టూ తిప్పి చూసి, "ముక్కు అదే. కొప్పూ అదే. కానీ మా వదిన కాదే తల్లీ" అంది. బొమ్మని మెల్లిగా తిరిగి చేతిలో పెట్టింది.

వరహాలు ఆ బొమ్మని సూరమ్మ అరుగు మీద పెట్టి ఏడ్చింది.

"ముక్కు అడిగావు, కొప్పు అడిగావు" అంది సూరమ్మ. "ఎలా కూర్చునేదో అడిగావా? ఏ పక్కకి వాలేదో అడిగావా? అది తెలిసినవాళ్ళు ఒకరే ఉంటారు."

ఆ ఒకరూ ఎవరో వరహాలుకి తెలుసు. ఆ సాయంత్రం అయ్య కంచం ముందు కూర్చున్నప్పుడు అడిగింది. "అయ్యా, అమ్మ ఎలా కూర్చునేది?"

పైడిరాజు ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. "నాకేం గుర్తులేదమ్మా" అన్నాడు. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు వరహాలు సూరమ్మ గుజ్జుకి తెచ్చుకున్న పాత కాగితాలు కొన్ని, బొగ్గుముక్క ఒకటి పట్టుకుని పడవెక్కింది. అయ్య మీద కోపంగా ఉంది, దిగులుగా కూడా ఉంది. ఏం చెయ్యాలో తోచక అయ్యనే గీసింది. పడవ తోసే గెడ నీళ్ళలో వేసేటప్పుడు, గెడ లాగేటప్పుడు, ఎవరూ ఎక్కక ఊరికే నిలబడినప్పుడు, పది లెక్కపెట్టేలోపు ఒక్కొక్క బొమ్మ గీసింది.

తర్వాత అవన్నీ అరుగు మీద పరిచింది. సూరమ్మ ఒక్కొక్కటీ చూస్తూ, "మీ అయ్యకి మెడనొప్పా?" అంది.

వరహాలు వంగి చూసింది. ప్రతి బొమ్మలోనూ అయ్య తల ఎడమవైపుకి తిరిగి, కిందికి చూస్తూ ఉంది. ఏరు ఎదురుగా ఉన్నా, మనుషులు పడవ మధ్యలో కూర్చున్నా, అయ్య చూసేది మాత్రం పడవ ముందు కొస దగ్గర ఎడమవైపు బల్లని. ఆ బల్ల మీద ఎవరూ లేరు. గీసేటప్పుడు ఆ పిల్లకి ఆ సంగతి తెలియనే లేదు. తొందరలో చెయ్యి గీసేసింది.

అప్పుడు వరహాలు రేవుకి పరిగెత్తింది. మిట్టమధ్యాహ్నం. జనం లేరు. అయ్య పడవలో ఒక్కడే ఉన్నాడు.

"అయ్యా, అమ్మ ఆ బల్ల మీద కూర్చునేదా?"

పైడిరాజు గెడ పక్కన పెట్టాడు. ఆ తర్వాత, నెమ్మదిగా చెప్పాడు.

"సద్దన్నం తెచ్చేది. తెచ్చి, ఒక్కసారి అటు వెళ్ళి ఇటు వచ్చేది. అక్కడే కూర్చునేది, ఒక మోకాలు పైకి పెట్టుకుని, నీళ్ళ వైపు తిరిగి. నా చేతిలో గెడ, నేను ముందుకెళ్ళి ముఖం చూడ్డానికి లేదు. ఇన్నేళ్ళయినా నా కళ్ళల్లో ఉన్నది ఆవిడ వీపేనమ్మా."

వరహాలు గట్టున కూలబడి గుప్పెడు మట్టి తీసింది. ఒళ్ళు, మెడ, తల, మూడు ముద్దలు పెట్టింది. మోకాలు లేపింది. పైడిరాజు పడవ దిగి వచ్చి వెనకాల నిలబడ్డాడు. కాసేపటికి గొంతుక్కూర్చున్నాడు. ఇంకాసేపటికి చెయ్యి చాచి, బొటనవేలితో ఎడమ భుజాన్ని కొంచెం కిందికి నొక్కాడు.

"ఇటు దిగి ఉండేది. నిన్ను ఆ చంకనే ఎత్తుకునేది."

వరహాలు బొమ్మ వెనకవైపు చూస్తూ ఉండిపోయింది. అమ్మ వీపు, అమ్మ మెడ, అమ్మ భుజం. ఊహ తెలిశాక మొదటిసారి చూస్తోంది.

"వెనక్కి తిరిగేది కాదా అయ్యా?"

"పిలిస్తే తిరిగేది."

"ఏమని పిలిచేవాడివి?"

ఆ పిల్ల మట్టి చేతులు కడుక్కోవడానికి నీళ్ళ వైపు వంగింది. వెనకాల అయ్య గొంతు వినబడింది. ఏటి మధ్యలోంచి గట్టు మీదకి పిలిచినట్టు, కానీ మెత్తగా. "అచ్చీ."

వరహాలు తిరిగి చూసింది. పైడిరాజు ఆ పిల్ల మెడ తిరిగిన తీరు చూశాడు. "అలాగే" అన్నాడు. "అలాగే తిరిగేది."

వరహాలు తడిచెయ్యి తన మెడ మీద వేసుకుంది. తన మెడ తనకి కనబడదు కదా. వేళ్ళతో తడుముకుంది, అంతే.

అవతలి గట్టు నుంచి ఎవరో ఒకాయన పడవ కోసం కేకేశాడు. పైడిరాజు లేవలేదు. ఆయన రెండోసారి కేకేశాడు. లేవలేదు. మూడో కేకకి లేచి, బొమ్మని రెండు చేతులతో తీసుకెళ్ళి ఎడమవైపు బల్ల మీద పెట్టాడు. అది ఒరగకుండా గెడ మెల్లిమెల్లిగా వేశాడు. వరహాలు పడవ వెనక కొసన అయ్య పక్కన నిలబడి, అమ్మని అయ్య చూసినట్టే చూసింది.

ముఖమా? ముఖం చెయ్యలేదమ్మా. నీళ్ళ వైపు తిరిగి ఉంది కదా, ముఖం ఏరు చూస్తుంది.

అవతలి గట్టున ఎక్కినాయన బల్ల మీద మట్టిబొమ్మని చూశాడు. "ఎవరిది పైడిరాజూ ఈ బొమ్మ?" అన్నాడు.

"మా ఇంటిది" అన్నాడు పైడిరాజు. "అచ్చియ్యమ్మ. అటు కూర్చోండి బాబూ, ఆ బల్ల ఖాళీ లేదు."

పడవ చేరె గట్టుకి,
పిట్ట చేరె గూటికి,
కథ చేరె కంచికి,
మనం చేరాం మంచానికి.
ఇక కళ్ళు మూసుకో.