నోరు లేని చాటింపు

చింతలగట్టు దొరకి పగటినిద్ర ప్రాణం. ఆయన ఇంటి గోడ పక్కనే వీధిబడి. పిల్లలు ఇసుకలో వేలితో దిద్దుతూ "అ, ఆ" అని గొంతెత్తి పలికేవారు.

ఒకనాడు దొర మండిపడ్డాడు. "అక్షరం కళ్ళతో చూసేది. దానికి నోరెందుకు? ఇక బడిలో నోరు విప్పినవాడి వీపు చీరేస్తాను!"

బడి మూగబోయింది. పిల్లలు ఇసుకలో గీతల్ని బిక్కమొహాలతో చూస్తూ కూర్చున్నారు.

అంతలో మహారాజు వస్తున్నట్టు కబురొచ్చింది. ఊరంతా దండలతో ఎదురురావాలని దొర తాటాకు మీద రాయించి, చాటింపు వేసే ఎల్లమందకిచ్చాడు.

మర్నాడు పొలిమేరలో పల్లకీ దిగింది. ఎదురుగా దొర, ఎల్లమంద తప్ప నరమానవుడు లేడు! రాజుగారు నిర్ఘాంతపోయారు. దొరకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"చాటింపు వెయ్యలేదట్రా?"

"గుమ్మం గుమ్మానికీ తిరిగి ఆకు ఎత్తి చూపించాను దొరా. అందరూ కళ్ళారా చూశారు."

"చూస్తే సరా? నోటితో పలికితేనే కదరా అందులో ఏముందో వాళ్ళకి తెలిసేది!" అని గావుకేక పెట్టాడు దొర.



ఎల్లమంద చేతులు కట్టుకున్నాడు.

"ఆ మాట బడిలో చెప్పి రమ్మంటారా దొరా? ఈసారి డప్పు కొట్టి మరీ చెబుతాను."