మహారాజుగారి ఝంకారం లెక్క

ఒకానొక చిన్న రాజ్యాన్ని చాలా పెద్ద పేరున్న రాజొకడు ఏలేవాడు. రాజ్యం కుంభవరం, మొత్తం పద్దెనిమిది ఊళ్లు. రాజుగారి పేరు త్రిభువనభూషణ మహారాజు. మూడు లోకాలకూ అలంకారమైన ఆ మనిషి పొద్దున గుర్రమెక్కి తన రాజ్యమంతా చుట్టి మధ్యాహ్నం భోజనానికి కోటకు వచ్చేయగలడు.

ఆయనకు యుద్ధాలు గిట్టవు, వేటంటే భయం. మిగిలిన తీరికంతా పెట్టి ఒక భాష తయారుచేశాడు. దానికి గంభీర భాష అని పేరు పెట్టుకున్నాడు. అందులో అన్నానికీ మంచినీళ్లకీ ఇంకా మాటలు పుట్టలేదు గాని, అంకెలు మాత్రం పూర్తయ్యాయి.

"ఒకటి, రెండు, మూడు అని గొర్రెల కాపరి కూడా అంటాడు. నేనూ అదే అనాలా?" అన్నాడు ఒకనాడు సభలో.

"అనకూడదు మహాప్రభూ," అన్నాడు ఆస్థాన పండితుడు గర్గేశ్వర శాస్త్రి. రాజుగారు ఏదంటే దానికి శాస్త్రం చూపించడమే ఆయన ఉద్యోగం.

రాజుగారు కనిపెట్టిన అంకెలు ఝ అనే అక్షరానికి గుణింతం. ఝ అంటే ఒకటి, ఝా అంటే రెండు, ఝి మూడు, ఝీ నాలుగు, ఝు అయిదు, ఝూ ఆరు. నోరు తిరగని ఝృ, ఝౄ వదిలేసి అలా వల్లించుకుంటూ పోతే ఝౌ దగ్గరికి పన్నెండు. అక్కడితో రాజుగారికి ఊపిరి అయిపోయింది. కనుక లోకంలో లెక్కలన్నీ ఇకమీదట పన్నెండు దగ్గరే మలుపు తిరగాలని నిశ్చయమైంది. పది పదులు నూరైనట్టు, పన్నెండు పన్నెండ్లు ఒక ఝంకారం. ఇదివరకు నూరు అన్న ప్రతిచోటా ఇకమీదట ఝంకారం అనాలి.

శాస్త్రి దానికి ఇంకొంచెం మెరుగు పెట్టాడు.

"ప్రజలు ఏలినవారికి సమర్పించుకునే ఝంకారం పన్నెండు పన్నెండ్లు. బాగుంది. ఏలినవారు ప్రజలకు దయచేసే ఝంకారం మాత్రం గుణింతంలో సగం దగ్గరే ఆగాలి. ఝూ దగ్గర. అంటే ఆరు ఆర్లు. కింది నుంచి పైకి పోయేది బరువుగా ఉంటే అది భక్తి. పై నుంచి కిందికి వచ్చేది బరువుగా ఉంటే కిందివాళ్ల తలలు పగులుతాయి."

ప్రజల తలల మీద ఆయనకున్న శ్రద్ధకు రాజు కరిగిపోయాడు. సాయంత్రమే దండోరా వేయించాడు. కోట లోపల ఎవరైనా పాత అంకె పలికితే, ధాన్యం కొలిచే ఇనప కుంచం వాళ్ల తలమీద బోర్లించి, పొద్దు నెత్తికెక్కేదాకా గుమ్మంలో నిలబెడతారు.

మొదట ఆ కుంచం కింద నిలబడ్డది పేరిందేవి.

ఆమె కోట ధాన్యపు కొట్టులో కొలత మనిషి. తండ్రి చేసిన పనే తనకూ వచ్చింది. మానిక నింపి, అరచేత్తో తలకొట్టి, పోస్తూ లెక్క చెబుతుంది. కొలిచేవాళ్లు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు. దండోరా పడ్డ మర్నాడు పేరిందేవి మొదటి మానికకు ఝ అన్నది, రెండోదానికి అలవాటు కొద్దీ రెండు అన్నది. వెంటనే భటుడు కుంచం తెచ్చాడు. లోపలంతా చీకటి, జొన్న దుమ్ము, తన ఊపిరి చప్పుడు. చీకట్లో ఆలోచన బాగా సాగుతుందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

ఆలోచించడానికి కారణం ఉంది. రాజుగారు కోడెకొండకు మెట్లు కొట్టిస్తున్నాడు, పైకెక్కి తన రాజ్యాన్ని చూసుకోవడానికి. అందుకోసం ఊళ్ల నుంచి నూరుమంది రైతులను నూరు రోజుల వెట్టికి రప్పించారు. వాళ్లలో పేరిందేవి మొగుడు గవరయ్య ఒకడు. రోజుకు నూరు మానికల జొన్నలు, అంటే మనిషికో మానిక, కోట నుంచి పోవాలి. దండోరా పడేనాటికి తొంభై రోజులు గడిచాయి.

ఆ మధ్యాహ్నం పేరిందేవి జొన్నల బండితో పాటు కొండకు వెళ్లింది. గవరయ్య గోనెలు ఎత్తి చూశాడు.

"ఏమే, దారిలో ఎలకలు పడ్డాయా?"

"ఎలకలు కాదు మావా. గుణింతం."

ఆమె చెప్పిందంతా విని, అతను ఉలి కింద పెట్టాడు.

"అంటే తిండి ముప్పయ్యారు మానికలు, పని నూట నలభై నాలుగు రోజులా?"

"అవును."

"పది రోజుల్లో ఇంటికి పోతామని అందరికీ చెప్పుకుంటున్నాం కదే."

"పది కాదు, యాభై నాలుగు."

"మృగశిర వచ్చేసింది. తొలకరి పడితే విత్తనం వేసేది ఎవరు? యాభై నాలుగు రోజులకి ఇంటికి పోయి ఏం చేస్తాం, గడ్డి పీక్కుంటామా?" ఒక గోనె చేత్తో తూచి చూశాడు. "అసలు ఈ గింజలతో అన్ని రోజులు నిలబడితే కదా పోవడం. నువ్వు రోజూ కోటలోనే ఉంటావు. రాజుకు చెప్పరాదా?"

"చెబితే ఇంకో పూట కుంచం. ఇవాళ్టి మెడనొప్పే తగ్గలేదు."

నాలుగో రోజున అంకయ్య అనే ముసలాయన సుత్తి పైకెత్తి, దాన్ని దించకుండానే పక్కకు పడిపోయాడు. ప్రాణం ఉంది. నీళ్లు చల్లితే లేచి కూర్చుని, మళ్లీ సుత్తి అడిగాడు. ఆ కబురు బండివాడు తెచ్చాడు. పేరిందేవి కొట్టు గోడ మీద రోజుకొకటి చొప్పున తాను గీసిన బొగ్గుగీతలు చూసి, రాజుగారి పుట్టినరోజు ఎల్లుండి తెల్లారితే అని లెక్క వేసుకుంది.

కుంభవరంలో రాజు పుట్టినరోజుకు ఒక ఆచారం ఉంది. రాజుకు ఎన్నేళ్లు నిండితే అన్ని మానికల ధాన్యం నిండు సభలో కొలిచి బీదలకు దానం చేయాలి. కొలిచే మనిషి పైకి లెక్క చెప్పాలి. చివరి మానిక పడ్డాక సభంతా రాజును నూరేళ్లు బతకమని దీవించాలి. కొలిచే మనిషి కడపట దీవించాలి. ఆ దీవెనతోనే వేడుక ముగుస్తుంది.

ఆ యేడు రాజుకు ముప్పయ్యైదు నిండాయి.

పేరిందేవి చాప పరిచి కొలత మొదలుపెట్టింది. దానం అంటే రాజు ప్రజలకు దయచేసేది, కాబట్టి శాస్త్రిగారి చిన్న లెక్కే చెల్లుతుంది. ఆమె ఝ, ఝా, ఝి అంటూ ఝూ దాకా ఆరు మానికలు ఒక కుప్ప పోసింది. మళ్లీ ఝ నుంచి ఇంకో కుప్ప. గంభీర భాష ఇంత చక్కగా పలికినవాళ్లను రాజు ఇదివరకు చూడలేదు. శాస్త్రి వేలితో తాళం కూడా వేశాడు. అయిదు కుప్పలు నిండాయి. ఆరో కుప్పలో ఝు దాకా వచ్చి ఆమె ఆగింది. ముప్పయ్యైదు అయ్యాయి. తర్వాత ఇంకో మానిక నింపి, తలకొట్టి, పోయకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

సభలో నలభైమంది లేచారు.

"ఝంకారం ఏళ్లు చల్లగా వర్ధిల్లండి మహాప్రభూ," అన్నారు ముక్తకంఠంతో. సేనాపతి గొంతు అందరికంటే పైన వినిపించింది.

తర్వాత అందరూ పేరిందేవి వైపు చూశారు. ఆమె పలకలేదు.

"దీవెన మరిచిపోయావా?" అన్నాడు రాజు.

"మరవలేదు మహారాజా. నోరు రావడం లేదు."

"గొంతు బాగోలేదా?"

"గొంతు బాగానే ఉంది. ఈ కుప్పలే బాగోలేదు. ఏటికో మానిక లెక్కన పోశాను. కుప్పకు ఝూ మానికలు. ఝూ కుప్పలు నిండితే ఝంకారం. ఈ చేతిలో ఉన్నది పోస్తే నిండిపోతుంది."

రాజు కుప్పల వంక చూశాడు. ఆరో కుప్ప మిగతావాటికంటే కొంచెం పొట్టిగా ఉంది.

"నిండితే?"

"నిండితే ఆయుష్షు నిండినట్టే కదా. సభవారంతా ఇప్పుడు కోరుకున్నది అదే. తమరు వచ్చే పుట్టినరోజు దాకా ఉంటే చాలునన్నారు. వాళ్లు పెద్దవాళ్లు, అనగలరు. నాకంత ధైర్యం లేక ఊరుకున్నాను."

సేనాపతి ఉత్తరీయం చెంగుతో మూతి తుడుచుకుని, దాన్ని అక్కడే ఉంచుకున్నాడు.

"అజ్ఞానం," అన్నాడు శాస్త్రి లేచి. "మహారాజు విషయంలో చెల్లేది పెద్ద ఝంకారం. ఝౌ ఝౌలది."

"అది కింది నుంచి పైకి పోయేదానికి కదా శాస్త్రిగారూ. తమరే సెలవిచ్చారు. ఆయుష్షు ఎటు నుంచి ఎటు వస్తుంది? మహారాజు దేవుడికి ఇస్తున్నారా, దేవుడు మహారాజుకు ఇస్తున్నాడా?"

"ఇచ్చేది దేవుడే. అయితే..."

"ఆ దేవుడు మహారాజుకు పైవాడా, కిందివాడా? కిందివాడని చెప్పండి, ఈ క్షణమే ఝౌ ఝౌలకు దీవిస్తాను. పూజారిగారు అక్కడే కూర్చున్నారు. ఆయనకు వినపడేలా చెప్పండి."

శాస్త్రి పూజారి వంక చూశాడు. పూజారి పైకప్పు వంక చూశాడు.

"ఈ సంగతి గ్రంథాలు తిరగేసి చెప్పాలి," అన్నాడు శాస్త్రి.

"నిదానంగా తిరగేయండి," అన్నాడు రాజు. "నా దగ్గర ఏడాది ఉందట."

శాస్త్రి కూర్చున్నాడు. రాజు కాసేపు ఆ పొట్టి కుప్ప మీది నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. తన భాషలో చావుకు ఇంకా మాట పెట్టలేదన్న సంగతి గుర్తొచ్చినా, దానివల్ల పెద్ద ఊరట కలగలేదు.

"మీ నాన్న మా నాన్నగారిని ఏమని దీవించేవాడు?"

"నాకు నోటికి వచ్చు మహారాజా. కాని ఆ మాట ఇక్కడ పలికితే కుంచం. దాని బరువు నాకు తెలుసు. తమరు పలకండి, వెనకే నేను పలుకుతాను."

రాజు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నూరు," అన్నాడు.

"సభకు వినపడలేదు మహారాజా. దీవెన కదా."

"నూరేళ్లు," అన్నాడు రాజు గట్టిగా.

గుమ్మం దగ్గర కుంచం పట్టుకున్న భటుడు అలవాటుగా ఒక అడుగు ముందుకు వేసి, ఎవరన్నారో చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏ నూరు మహారాజా?"

"పది పదుల నూరు. ఇంకేం నూరు?"

"పై నుంచి కిందికి వచ్చినా అదేనా?"

"అదే."

"కింది నుంచి పైకి పోయినా అదేనా?"

రాజుకు డాబు ఎక్కువే గాని బుర్ర తక్కువ కాదు. ఆమె వంక చూశాడు, జొన్నల వంక చూశాడు, కిటికీలోంచి దూరంగా కనిపిస్తున్న కోడెకొండ వంక చూశాడు.

"కొండ మీద నీవాళ్లు ఎవరున్నారు?"

"మా ఆయన."

"అదీ సంగతి," అన్నాడు రాజు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత పడీపడీ నవ్వాడు. రాజు నవ్వాక సభ కూడా నవ్వింది. సేనాపతి మాత్రం చెంగు తీయలేదు. "ఎటు పోయినా అదే నూరు. గుణింతం బడికి పంపించేయండి. ఇక నీ దీవెన కానియ్యి."

"నిండు నూరేళ్లు చల్లగా ఉండండి మహారాజా."

రాజు ఉత్తరీయం కింద వేళ్లు మడుచుకుంటూ మనసులో తీసివేత చేశాడు. ఇంకా అరవై అయిదు ఉన్నాయని తేలాక స్థిమితంగా కూర్చున్నాడు. చేతికున్న దండకడియం తీసి ఆమెకు ఇచ్చాడు.

"కొండకు ఎంత ధాన్యం తక్కువ పోయింది?"

"రోజుకు అరవై నాలుగు మానికలు, ఆరు రోజులు. మూడు వందల ఎనభై నాలుగు."

"ఇప్పుడే కొలిపించు. కొలిచేది శాస్త్రిగారు. నువ్వు కూర్చుని చూడు." తర్వాత కొంచెం ముందుకు వంగి, "నిజం చెప్పు. నేను ముప్పయ్యారేళ్లకే పోతానని నిజంగానే భయపడ్డావా?" అని అడిగాడు.

పేరిందేవి దండకడియాన్ని కొంగున ముడి వేసుకుంది.

"తమరి సంగతి దేవుడు చూసుకుంటాడు మహారాజా. కొండ మీదివాళ్లు నూట నలభై నాలుగో రోజు చూడరేమోనని భయపడ్డాను. మొన్న ఒక ముసలాయన పడిపోయాడు. లేచి, మళ్లీ సుత్తి అడిగాడట."

రాజు కిటికీ వైపు తిరిగాడు.

"ఇంకెన్ని రోజులు మిగిలాయి వాళ్లకి?"

"పాత నూరులో నాలుగు."

"అవి నేను పుచ్చుకోను," అన్నాడు. "పుట్టినరోజున ఇచ్చేవాణ్ణి గాని పుచ్చుకునేవాణ్ణి కాను. ధాన్యం పంచి, ఈ పూటే ఇళ్లకు పొమ్మను." ఆ మాట తనకే బాగా నచ్చి, మళ్లీ నవ్వాడు.

శాస్త్రి నూట పదో మానిక దగ్గర నడుం పట్టుకున్నాడు గాని, కొలత పూర్తిచేశాడు. పొద్దు వాలేవేళకు బళ్లు కొండ కిందికి చేరాయి. మూటలు పంచుతుంటే గవరయ్య పెళ్లాం కొంగున మెరుస్తున్న ముడి చూశాడు.

"రాజుకు ఏం చెప్పావే?"

"ఏం చెప్పలేదు మావా," అన్నది పేరిందేవి. "అందరితో కలిసి దీవించలేదు, అంతే."