రాజుగారికి అందని బండి

రంగపతిరాజు గారు ఆ ఎర్ర బండెక్కి కూర్చున్నారు. ఇద్దరు పనివాళ్లు చెరో పక్కా పట్టుకున్నారు. ఆయన కాళ్లు రెండూ గాల్లో ఊగుతున్నాయి. అప్పుడు నావైపు తిరిగి "ఎలా ఉందమ్మాయ్?" అన్నారు చూడండి, సరిగ్గా ఆ క్షణాన నేను చేతిలో కాగితాల్లోకి తల దించేశాను.

రాజుగారంటే సింహాసనం ఉన్న రాజుగారు కాదు. భీమవరం పక్కన పద్నాలుగు రొయ్యల చెరువులున్న రాజుగారు. దర్బారు మాత్రం ఉంది. రోజూ పొద్దున్నే మేత షెడ్డు ముందు, ప్లాస్టిక్ కుర్చీలో. అందులో నేను కంప్యూటర్ మనిషిని. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి, రొయ్యలు ఏపూట ఎంత తిన్నాయో ఎక్కిస్తుంటాను. మూడు నెలల ట్రయలు సోమవారంతో అయిపోతుంది.

ఆయనకో కోరిక పుట్టింది. చెరువు గట్ల మీదా తిరగాలి, మారేడుమిల్లి ఘాట్ రోడ్డూ ఎక్కాలి, రెండిటికీ ఒకటే బండి కావాలి. షోరూమ్ వాళ్లు రెండు అడ్వెంచర్ బైకులు పంపారు.

నేను వీడియోలు చూసి చూసి పట్టిక వేశాను. ఎర్రదానికి బలమెక్కువ, ముందు చక్రం పెద్దది, గుంతల్ని లెక్కచెయ్యదు. పచ్చదానికి బలం కాస్త తక్కువ, బరువూ తక్కువే, సీటు కిందకి ఉంటుంది. తారు రోడ్డుకీ చాలు, మట్టికీ చాలు.

జవాబు పచ్చది. చిక్కల్లా కారణంతోనే. రాజుగారి ఎదుట పొట్టి అన్న మాట రాకూడదు. "పంచె అంచు కాస్త కత్తిరిద్దామా అండీ?" అన్న టైలరు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

పక్కనే సాకేత్ వర్మ ఉన్నాడు. రాజుగారి బావమరిది కొడుకు, ఆరడుగులు, హెల్మెట్ మీద కెమెరా. "మావయ్యా, ఎర్రది సింహం! ఆ పచ్చది పాలవాళ్ల బండి. ఈవిడకి పట్టికలు తప్ప ఏం తెలుసు?"

నిజమే. పట్టికలు తప్ప నాకేం తెలీదు.

"ఏమ్మా, నువ్వేదంటావ్?" అన్నారు రాజుగారు. "కారణం చెప్పాలి. అది నాకు నచ్చకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు."

"ప... పచ్చదండీ."

"ఎందుకని?"

ఆయన కాళ్లకేసి చూడకూడదని చెరువుకేసి చూశాను. అక్కడ ఒకతను నీళ్లలోంచి మేత ట్రే పైకి లాగుతున్నాడు. అప్పుడు తట్టింది. రాజుగారు రోజూ పాత మోపెడ్ మీద వెళ్లి, ప్రతి చెరువు దగ్గరా గట్టు అంచున ఆగుతారు. దిగరు. ఒక కాలు కింద పెట్టి, ట్రేలో మేత మిగిలిందా అని చూసి, ముందుకెళ్తారు.

"రాజుగారూ, ఎర్రదాని మీద సాకేత్ గారిని మీలాగే ఒక చుట్టు తిరిగి రమ్మనండి. ట్రేలు చూస్తూ."

"ఓస్, అంతేనా!" అని సాకేత్ కెమెరా ఆన్ చేశాడు. పనివాళ్లు రాజుగారిని దించి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సింహం గర్జించింది. గట్టు మీద దూసుకుపోయింది. నా ఉద్యోగం కూడా దాని వెనకే పోయిందనుకున్నాను.

మొదటి చెరువు దగ్గర అంచున ఆగాడు. ట్రే చూద్దామని నీళ్లవైపు కాలు దించాడు. అక్కడ గట్టు వాలుగా ఉంది. కాలు దిగుతూనే ఉంది, నేల రావడం లేదు. బండి ఒరిగింది. పనివాళ్లు ఉరికి బండినైతే పట్టుకున్నారు. సాకేత్ మాత్రం నడుం లోతు నీళ్లలో తేలాడు. చుట్టూ రొయ్యలు ఎగురుతున్నాయి.

రాజుగారు నావైపు తిరిగారు. "ఏంటమ్మాయ్ ఇది?"

"మీ పని పరిగెత్తడం కాదండీ, పద్నాలుగు చోట్ల ఆగడం. ఆరడుగుల మనిషికే నేల అందలేదంటే, ఈ బండికి సరిపడా మనిషి మన జిల్లాలోనే లేడండీ!"

ఆయన నన్ను చూశారు. తన కాళ్లు చూసుకున్నారు. తర్వాత కుర్చీ విరిగేలా నవ్వారు. పనివాళ్లూ నవ్వారు. చెరువులోంచి "మావయ్యా!" అని వినబడితే ఇంకా నవ్వారు.

"ఉద్యోగం ఖాయం! పచ్చవి రెండు తెప్పించండ్రా. ఒకటి నాకు, ఒకటి ఈ అమ్మాయికి బహుమానం. ఆదివారం మారేడుమిల్లి. ముందు నువ్వు, నీ వెనక నేను!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పిచ్చిదానిలా.

నాకు సైకిల్ తొక్కడం కూడా రాదండీ. ఇవాళ గురువారం. కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?