హులిహళ్ళి పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, గుట్టకి ఇవతల తెలుగూ అవతల కన్నడమూ మాట్లాడే చోట, నరసక్క అని ఒకావిడ ఉండేది తల్లీ. సంతలో పాలు కాచి అమ్మేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

ఒకనాడు సంత ముగిసే వేళకి ఒక చిన్నపిల్ల ఏడుస్తూ ఆమె పొయ్యి దగ్గరికి వచ్చింది. అమ్మ చెయ్యి వదిలేసి తప్పిపోయింది. దానికీ నీలాగే, రంగులరాట్నం కనబడితే ఒళ్ళు తెలియదు. "ఏ ఊరమ్మా?" అని అడిగితే "హులిహళ్ళి" అంది.

అప్పుడు జనం మూగారు. అలాంటి ఊరే లేదన్నారు. బండ్లన్నీ వెళ్ళిపోతున్నాయి. పొద్దుగూకేలోగా పిల్లని ఇల్లు చేర్చకపోతే దాని తల్లి ఏమైపోతుందోనని నరసక్క బెంగపడింది.

ముందు ఏడుపు మానిపిద్దామని గ్లాసు అందించి "పాలు" అంది. పిల్ల కళ్ళు తుడుచుకుని "హాలు" అంది. ఆ తర్వాత కొప్పులోంచి పువ్వు తీసి ఇచ్చి "పువ్వు" అంది. "హూవు" అంది పిల్ల. నరసక్కకి నవ్వొచ్చి, తన నోరు చూపించి "పళ్ళు" అంది. పిల్ల కూడా నవ్వి, ఊడిన పన్ను సందులో వేలు పెట్టి "హల్లు" అంది.

అప్పుడు నరసక్కకి తట్టింది. మనం 'ప' అన్నచోటల్లా ఈ పిల్ల 'హ' అంటోంది. అయితే హులి అంటే పులి, హళ్ళి అంటే పల్లె.

"ఇది పులిపల్లె పిల్లరా" అని కేకేసింది. అందరికీ తెలిసిన ఊరే. తెలియనిదల్లా దాని రెండో పేరు.

ఆ తర్వాత బండి కట్టించి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బయలుదేరింది. "ఈ మాటలు ఇలా ఎట్లా కలిశాయి నరసక్కా?" అని బండి తోలే తిమ్మన్న అడిగాడు.

"ఎప్పుడో మనకీ వాళ్ళకీ అమ్మ ఒకతే అయ్యుంటుంది. పిల్లలు గుట్టకి అటు కొందరు, ఇటు కొందరు కాపురాలు పెట్టారు. అమ్మ మాటలు మూటగట్టుకుపోయారు. వాడగా వాడగా వాళ్ళ నోట 'ప' కాస్తా 'హ' అయింది" అంది నరసక్క.

పిల్ల ఊరి బండి ఎక్కేసిందేమోనని సంతలోంచి ముందే వచ్చి వెతుకుతున్న తల్లి, పులిపల్లె పొలిమేరలోనే పరుగున ఎదురొచ్చింది. పిల్లని వాటేసుకుంది. ఆ తర్వాత నరసక్క చేతులు రెండూ పట్టుకుని ఒకే ఒక్క మాట అంది.

"అక్కా."

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా మారలేదు తల్లీ. నరసక్క సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

పల్లే హళ్ళీ ఒకటే గూడు,
పాలే హాలు, తాగి చూడు.
కథేమో కంచి దారి పట్టె,
నా తల్లి కంటికి నిద్దర పట్టె.