మాచమ్మ పెట్టిన చింతగింజ

గోపాలస్వామికి దణ్ణం పెట్టుకున్నావా బంగారూ? ఇటు తిరిగి పడుకో. నేను చెబుతుంటే ఊఁ కొట్టాలి మరి. నీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగనగా, గోదారి రెండు పాయల మధ్య ఒక లంక రాజ్యం. దానికి కొండమరాజు అని ఒక రాజు. అక్కడ రాజు కడుపున పుడితే రాజు కాడు, పెద్దలంతా సభ చేసి ఎంచుకున్నవాడే రాజు. ఎంచుకున్నాక అతని తలకి పాగా చుట్టేది సభలోకెల్లా వయసులో పెద్దవాళ్ళు. ఆ పెద్దావిడ ఎవరనుకున్నావు? మాచమ్మ, రాజుకి సొంత అక్క. తల్లి పోతే ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే.

రాజుకి పనులెన్నున్నా అసలు పని ఒక్కటే. గోదారి పొంగితే మిట్ట మీదున్న నగారా కొట్టాలి. అది విని జనం, గొడ్డూ గోదా మిట్టెక్కుతారు. ఆ నగారా మీద రాజు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదని వాళ్ళ నమ్మకం.

ఒక ఏడు వరదొచ్చింది. అప్పుడు రాణి కామసాని జ్వరంతో మంచం మీదుంది. రాజు నగారా కొడుతూనే ఉన్నాడు. ఊరంతా గట్టెక్కింది. ఆ తర్వాత ఇంటికొచ్చి చూస్తే రాణి లేదు. చివరి గుక్క తులసి నీళ్ళు ఆయన చేత్తో పడలేదు.

అప్పుడు రాజు రాణి చీర తెచ్చి నగారా మీద కప్పేశాడు. జనం అయ్యో పాపం అనుకున్నారు. అంతేగాని, మళ్ళీ వరదొస్తే కొట్టగలవా స్వామీ అని ఒక్కరూ అడగలేదు. అడగాల్సింది.

మరుసటేడు, పొద్దుగూకే వేళ గోదారి ఎర్రగా లేచింది. రాజు మిట్టెక్కాడు. చీర తీశాడు. కర్ర పట్టుకున్నాడు. చెయ్యి లేవలేదు.

కళ్ళున్నవాళ్ళు నీళ్ళు చూసి పరుగెత్తారు. పడవ నడిపే పోలయ్య అవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. ఇంట్లో అతని తల్లికి చూపు లేదు. ఆవిడకి వరదంటే నగారా మోతే. మోత వినబడ్డాక లేద్దామని గుమ్మంలో బుట్ట అల్లుకుంటూ కూర్చుంది. అలాగే కూర్చుంది నాన్నా.

ఊఁ అనవేం? సరే, నా చెయ్యి పట్టుకో.

ఆ లంకలో రాజుని దించాలంటే మూడు మెట్లు. ఒక్కడి కోపం చాలదు, పెద్దల్లో నాలుగోవంతు లేచి నిలబడి ఆయన తప్పు ఇదీ అని చెప్పాలి. ఆ తర్వాత, అమావాస్యనాడు చెబితే పున్నమి దాకా రాజుకి గడువివ్వాలి, ఆయన జవాబు వినాలి. ఆ తర్వాత పళ్ళెం పెడతారు. ఉండమనేవాళ్ళు అందులో గచ్చకాయ వేస్తారు, దిగమనేవాళ్ళు చింతగింజ. మూడు వంతుల్లో రెండు వంతులు చింతగింజలైతేనే రాజు దిగాలి. ఎంత కష్టమో చూడు. కోపంలో ఎవర్నీ తోసెయ్యకూడదని పాతవాళ్ళు అలా కట్టారు.

పోలయ్య సభలో చెప్పాడు. నాలుగోవంతు పెద్దలు తలొంచుకునే లేచి అతని వెనక నిలబడ్డారు.

గడువులో ఒకరోజు రాజు అక్క ఇంటికొచ్చాడు.

"అక్కా, నువ్వేం వేస్తావే?"

"ముందు అన్నం తిను తమ్ముడూ."

ఆయన తిన్నాడు. ఆవిడ మజ్జిగ పోసింది. మళ్ళీ ఆయనా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆయన వెళ్ళాక మాచమ్మ రాముడి పటం ముందు కూర్చుంది. ఏ వరమూ అడగలేదు, ఊరికే కూర్చుంది.

పున్నమినాడు సభ నిండింది.

"నీళ్ళు చూశావా రాజా?" అని అడిగింది మాచమ్మ. సభలో తమ్ముడూ అనకూడదు కదా.

"చూశాను."

"మరెందుకు కొట్టలేదు?"

"మొదటి దెబ్బకే కామసాని మళ్ళీ పోతుందనిపించింది. చెయ్యి లేవలేదు."

సభంతా ముక్కు చీదింది. "పెళ్ళాం పోయినవాణ్ణి ఇంకా ఏం దించుతాంలే, వదిలెయ్యండి" అన్నాడొక పెద్దాయన. "నీ ఇల్లు మిట్ట మీదుంది బావా, నువ్వంటావులే" అన్నాడు పక్కాయన.

అప్పుడు పోలయ్య లేచాడు. "నాకు పగ లేదయ్యా. మా అమ్మ ఎలాగూ రాదు. శ్రావణంలో గోదారి మాత్రం వస్తుంది. కొట్టేదెవరు?"

పళ్ళెం తిరిగింది. తిరిగి తిరిగి మాచమ్మ ముందుకొచ్చింది. చివరి చెయ్యి ఆవిడదే. చూస్తే రెండు వంతులకి ఒక్క గింజ తక్కువ.

ఆవిడ గుప్పిట్లో గచ్చకాయా ఉంది, చింతగింజా ఉంది. తమ్ముడి వంక చూసింది. బుట్ట అల్లుకుంటున్న ఆ గుడ్డి తల్లిని తలుచుకుంది. చింతగింజ వేసింది.

చుట్టిన చేత్తోనే పాగా విప్పాలి. విప్పింది. చిన్నప్పుడు తలంటేటప్పుడు ఎలా పట్టుకునేదో అలా పట్టుకుంది ఆ తలని. ఆయన కిందకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత పెద్దలు కొత్త రాజుని ఎంచుకున్నారు. ఆయన చేసిన మొదటి పని, నగారా కట్టుబాటు మార్చడం. నీళ్ళు ముందెవరు చూస్తే వాళ్ళే కొట్టచ్చు.

శ్రావణం వచ్చింది. గోదారీ వచ్చింది. నగారా మోగింది. కొండమరాజు చెవులు మూసుకుని ఏడ్చాడు. అప్పుడు ఏడుస్తూనే లేచి, మాచమ్మ ఇంటికి పరుగెత్తి, ఆవిణ్ణి వీపున ఎక్కించుకుని మిట్టెక్కాడు.

"బరువుగా ఉన్నానా తమ్ముడూ?"

"నువ్వు విప్పిన పాగా కంటే తేలికేలే అక్కా."

మిట్ట మీద పోలయ్య వాళ్ళమ్మ పేర ఒక చాప పరిచి ఉంచాడు. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. కొండమరాజు ఆ చాప పక్కన నేల మీదే కూర్చున్నాడు, నీళ్ళు తీసేదాకా.

నగారా మోగింది, గోదారి తగ్గింది,
ఖాళీ చాప మీద వెన్నెల వాలింది,
కంచి దారి పట్టి కథ వెళ్ళిపోయింది,
ఇంటి గడప దాటి నిద్ర లోపలికొచ్చింది.