పదికాయల తీర్పు

సముద్రం ఒడ్డున, కొబ్బరి తోటల నడుమ, నీలవాక అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉత్తుంగ భూపతి ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తన హస్తవాసి మీద ఆయనకు మహా నమ్మకం. తన చెయ్యి తగిలితే మోడు చిగురిస్తుందనీ, తను ముట్టుకున్నదాంట్లో నిజమెంతో అబద్ధమెంతో ఇట్టే తేలిపోతుందనీ అనుకునేవాడు. కొలువులో ఇరవై మంది ఉద్యోగులు ఉండేవాళ్ళు. ఇరవై మందీ తలలు ఊపేవాళ్ళే. ఊపక ఏం చేస్తారు పాపం, పిల్లలు గలవాళ్ళు.

తల ఊపనివాడు ఒక్కడుండేవాడు. పేరు చిట్టెన. రాజుగారి అడపం పట్టేవాడు. అంటే తమలపాకులూ వక్కలూ ఉన్న సంచీ భుజాన వేసుకుని, రాజు చెయ్యి చాచినప్పుడల్లా చిలక చుట్టి ఇవ్వడం అతని పని. పని చిన్నదే గాని నోరు పెద్దది. ఆ నోటి వల్ల రాజు ఎన్నోసార్లు కడుపుబ్బా నవ్వాడు, రెండుసార్లు కొరడా తెమ్మన్నాడు. ఆ రెండుసార్లూ చిట్టెనకు బాగా గుర్తు.

ఆ ఏడు పది ఓడలు తూర్పు దీవులకు బయల్దేరుతున్నాయి. సరుకంతా కొబ్బరికాయలే. ఆ కాయలు పేరిందేవమ్మ అనే వర్తకురాలివి. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా ఒంటి చేత్తో వ్యాపారం నడుపుతోంది. నలభై పడవల్లో కాయలు తెచ్చి రేవులో గుట్టలు పోయించింది. ఆ పడవలవాళ్ళూ, చెట్టెక్కి కాయ దింపేవాళ్ళూ అంతా ఆవిడ మీదే బతుకుతున్నారు. రాజముద్ర ఉన్న వర్తకుల సరుకే ఓడెక్కాలని అక్కడి చట్టం. ఆ ముద్ర ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడుతూ ఉండేది.

ఆవిడ బేరం తీరు రేవంతా ఎరుగుదురు. "కొబ్బరికాయ లోపల ఏముందో కొట్టేదాకా బ్రహ్మకైనా తెలీదు బాబూ. నా కాయల్లో పదింట ఒకటి పోతుంది, అంతకు మించి పోదు. ఆ పోయేదానికే పదికి ఒకటి కొసరు వేస్తున్నా" అనేది.

ఓడ కదిలే రోజు పొద్దున్నే రాజు స్వయంగా ఒక్కో ఓడ ముందు కొస మీద ఒక్కో కాయ కొట్టడం అక్కడి ఆచారం. దీవుల వర్తకులు వరసగా నిలబడ్డారు. బాజాలు మోగాయి. రాజు పట్టుబట్ట కట్టుకుని మొదటి కాయ కొట్టాడు. తెల్లగా పగిలింది. ఆరు కాయలు అలాగే పగిలాయి. ఏడోది కొట్టగానే నల్లటి నీళ్ళు చిమ్మి పట్టుబట్ట మీద పడ్డాయి. ఆ కంపుకి బాజాలవాళ్ళు ఊదడం ఆపేశారు. ఎనిమిదోది మంచిదే. తొమ్మిదోది మళ్ళీ కుళ్ళు. పదోది తెల్లగానే పగిలింది. కుళ్ళు కాయలు పడిన రెండు ఓడలూ నడిపే సరంగులు "అపశకునం, మేం వెళ్ళం" అని కిందికి దిగిపోయారు.

రాజు ముఖం జేవురించింది. రేవు మంటపంలోనే కొలువు తీర్చి పేరిందేవమ్మను పిలిపించాడు.

"పదింట ఒకటన్నావు. నా చేతికి రెండు వచ్చాయి. నా చెయ్యి అబద్ధం చెప్పదు. నువ్వు దొంగవి. సాయంత్రం పోటు నిండేలోగా నీ ముద్ర పగలగొట్టిస్తాను, నీ కాయలు సముద్రంలో పోయిస్తాను" అన్నాడు.

ఇరవై తలలూ ఊగాయి.

పేరిందేవమ్మ ఏడవలేదు. ముద్రను గుప్పిట్లో గట్టిగా పట్టుకుంది. "ఏలినవారు దయ చూడాలి. కాయ లోపలికి నేను దూరి చూడలేను. ఉన్నవి ఉన్నట్టు తెచ్చాను. నా ఒక్కదాని సంగతైతే పర్లేదు, నా వెనక నలభై పొయ్యిలున్నాయి" అంది.

ఆవిడ చెప్పేది నిజమని చిట్టెన మనసుకు తెలుస్తోంది. అలాగని రాజుగారి చెయ్యి మంచిది కాదంటే మూడో కొరడా తప్పదు. నిమిషం ఆలోచించాడు. తర్వాత ముందుకొచ్చి నేల మీద సాగిలపడ్డాడు.

"మహాప్రభూ, ఇంత గొప్ప తీర్పు నా జన్మలో వినలేదు. పది తీయాలి, రెండు వస్తే దొంగ. ఎంత తేలిగ్గా ఉంది! ఇంత మంచి కొలత ఒక్క కొబ్బరికాయలకే ఖర్చు చెయ్యడం అన్యాయం. కొలువుకి కూడా పెట్టించండి."

రాజు మీసం దువ్వాడు. "ఎలా పెట్టమంటావురా?"

చిట్టెన రేవులో కంసాలి దగ్గరికి పరిగెత్తాడు. బంగారం తూచే గురివింద గింజలు తెచ్చాడు. అందరి ఎదుటా ఒక కుండలో తొంభై తెల్ల గింజలూ పది ఎర్ర గింజలూ లెక్కపెట్టి పోసి కలిపాడు. "చూశారుగా, పదింట ఒకటే ఎరుపు. పేరిందేవమ్మ చెప్పుకున్న కాయల్లాంటిదే ఈ కుండ. కళ్ళు మూసుకుని ఒక్కొక్కరూ పది గింజలు తీయండి, లెక్క చెప్పి మళ్ళీ కుండలో వేసేయండి. రెండు ఎర్రవి వచ్చినవాడు ప్రభువుల తీర్పు ప్రకారం దొంగ. వాడి ఉద్యోగం హుళక్కి" అన్నాడు.

రాజుకి సరదా పుట్టింది. "కానివ్వండి" అన్నాడు. ఈసారి కొలువులో ఒక్క తలా ఊగలేదు.

కోశాధికారి తీశాడు. ఎరుపు ఒకటి. ఊపిరి పీల్చుకున్నాడు. రాజగురువు జపం చేసి మరీ తీశాడు. రెండు. ఆయన గింజల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు గాని రంగు మారలేదు. సేనాపతి చెయ్యి పెట్టాడు. మూడు! ఇంకో ముగ్గురికి కూడా రెండేసి పడ్డాయి. మొత్తం ఇరవై మందిలో ఐదుగురు దొంగలు తేలారు.

"ఇదేం న్యాయం" అన్నాడు సేనాపతి, మెడ నరాలు ఉబ్బుతుంటే. "నేను చెయ్యి పెట్టానంతే. కుండలో పదింట ఒకటేనని అందరూ చూశారు. నా చేతికి మూడొస్తే నేనేం చెయ్యను?"

"పేరిందేవమ్మ కూడా అదే అంది, సేనాపతీ" అన్నాడు చిట్టెన.

రాజు కుండ వంక చాలాసేపు చూశాడు. ఆయనకు కోపం రావాల్సింది, రాలేదు. తెలివిగలవాడే మరి, హస్తవాసి పిచ్చి ఒక్కటి తీసేస్తే.

"సరేరా. నిక్కమైన కుండ కూడా నలుగురిలో ఒకరికి రెండు ఎర్రవి ఇస్తోంది. ఒప్పుకుంటున్నాను. మరి నిజంగా మోసం చేసేవాణ్ణి పట్టుకునేదెలా? ఎన్ని కుళ్ళినా పాపం, అదృష్టం బాగోలేదని వదిలెయ్యమంటావా?"

"వదలొద్దు ప్రభూ. పది కాయలు చాలవు, అంతే. రెండొందలు కొడదాం. ఎన్ని కుళ్ళితే దొంగో కొట్టకముందే తేల్చుకుందాం. ఆ గీత ఎక్కడుండాలో ఈ కుండే చెబుతుంది."

ఇరవై మంది పదేసి గింజలు తీస్తే రెండొందలు. అదొక విడత. విడతకి ఎన్ని ఎర్రవి వచ్చాయో మంటపం స్తంభం మీద బొగ్గుతో రాయడం మొదలుపెట్టారు. మొదట భయపడిన ఉద్యోగులే ఇప్పుడు నేనంటే నేనని తోసుకున్నారు. పద్దెనిమిది, ఇరవై ఒకటి, పదిహేను, ఇరవై మూడు. సేనాపతి అలిగి కూర్చుంటే ఏడో విడతలో ఆయన బదులు రాజే చెయ్యి పెట్టాడు. ఆ విడతకి ఇరవై ఆరు వచ్చాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇరవై విడతలు అయ్యాయి. వాటిలో ఒకే ఒక్కసారి ఇరవై ఎనిమిది వచ్చింది. మిగతావన్నీ దానికి కిందే.

"నిజాయితీ గల కుండ ఇరవై ఎనిమిది దాకా వెళ్ళడం బహు అరుదు. కాబట్టి ఇరవై ఎనిమిది గాని అంతకు మించి గాని కుళ్ళితే పేరిందేవమ్మ ముద్ర పగలగొట్టండి. దాంతోపాటు నా అడపం కూడా లాక్కోండి" అన్నాడు చిట్టెన.

"ఇరవైలో ఒకసారి నిక్కమైనవాడికి కూడా శిక్ష పడుతుందిగా?" అన్నాడు రాజు.

"పడుతుంది ప్రభూ. అసలు తప్పే జరగకూడదంటే కాయలన్నీ కొట్టి చూడాలి. అప్పుడు ఓడల్లో వేసుకోవడానికి చిప్పలే మిగులుతాయి. అదే పదింట రెండు కుళ్ళినవి కలిపే దొంగైతే రెండొందలకి నలభై దాకా తేలతాయి. వాడు మాత్రం మన గీత తప్పించుకోవడం కష్టం."

రాజు స్తంభం మీద ఇరవై ఏడూ ఇరవై ఎనిమిదీ రాసి, వాటి నడుమ బొగ్గుతో తనే గీత గీశాడు. పక్కన లక్క అంటించి ఉంగరం ముద్ర వేశాడు.

ఇంక చూడాలి రేవు! భటుల కళ్ళకు గంతలు కట్టి, నలభై పడవల గుట్టల్లో పైనుంచీ, మధ్యలోంచీ, అడుగునుంచీ గుట్టకి ఐదు చొప్పున రెండొందల కాయలు తీయించారు. ఊరు ఊరంతా ఒడ్డుకి వచ్చేసింది. ఆడవాళ్ళు బెల్లం గడ్డలు పట్టుకుని మరీ వచ్చారు, మంచి కాయల చెక్కలు పంచుతారని. ఒక్కో కాయ పగలడం, జనమంతా ఒక్క గొంతుతో అంకె అరవడం.

మొదటి యాభైలోనే ఎనిమిది కుళ్ళాయి. చిట్టెన వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఈ లెక్కన ముప్పై దాటిపోతాయి. పేరిందేవమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. రాజు రాజగురువు వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

వంద కాయలకి పదమూడు. కాస్త నయం. నూట యాభైకి ఇరవై ఒకటి. నూట తొంభైకి ఇరవై ఐదు. ఇంక పదే కాయలు. జనం మెడలు సాచి ముందుకు తోసుకొచ్చారు. నూట తొంభై మూడో కాయ కుళ్ళు. ఇరవై ఆరు. మిగిలిన ఏడూ ఒక్కొక్కటే పగిలాయి, తెల్లగా, తెల్లగా, తెల్లగా. చివరి కాయ పగిలేసరికి పడవలవాళ్ళు తలపాగాలు గాల్లోకి విసిరారు.

రాజు చెయ్యెత్తాడు. అందరూ ఆగిపోయారు.

"ఇరవై ఉండాల్సిన చోట ఇరవై ఆరు ఉన్నాయి. నాకు మనసొప్పడం లేదు. గీతని ఇరవై ఐదు దగ్గరికి జరుపుదాం."

పేరిందేవమ్మ ముద్రను మళ్ళీ గుప్పిట పట్టింది. చిట్టెనకి ఒళ్ళు మండింది. అయినా నవ్వుముఖంతోనే వంగి దణ్ణం పెట్టాడు.

"ప్రభువుల చిత్తం. అలాగే జరుపుదాం. కాకపోతే స్తంభం మీద ఏడో విడత కూడా ఇరవై ఆరే ఉంది. ఆ విడతలో తమరి చెయ్యి కూడా ఉంది. గీత జరిగితే ఆ విడతవాళ్ళందరి ముద్రలూ పగలగొట్టాలి. తమరి ఉంగరం ముందు పగలగొట్టమంటారా, ఈవిడ ముద్ర ముందా?"

రాజు వేలికున్న ఉంగరం వంక చూసుకున్నాడు. స్తంభం వంక చూశాడు. పెదవి కొస అదిరింది.

"పోనీ, ఈవిడ మాట నిజమేనంటావా?"

"అబద్ధమనడానికి ఆధారం దొరకలేదంటాను ప్రభూ. ఎవరినీ శిక్షించకుండా ఉండడానికి ఆ మాత్రం చాలు."

"చాలు" అన్నాడు రాజు. "అమ్మా పేరిందేవమ్మా, నీ ముద్ర నీ దగ్గరే ఉంచుకో. ఏం కావాలో కోరుకో."

పేరిందేవమ్మ కళ్ళు తుడుచుకుంది. "పోటు నిండుతోంది. ఆ రెండు ఓడలూ నిలిచిపోయాయి. ఏలినవారు మళ్ళీ మా గుట్టలోంచే కాయ తీసి కొట్టాలి. అంతకు మించి ఏమీ వద్దు."

రాజు తటపటాయించాడు. "మళ్ళీ కుళ్ళితే?"

"కుళ్ళితే ఏముంది బాబూ, ఇంకోటి కొడతారు" అంది ఆవిడ.

రాజు ఏడో ఓడ మీద కాయ కొట్టాడు. తెల్లగా పగిలింది. జనం కేరింతలు కొట్టారు. తొమ్మిదో ఓడ దగ్గరికి వెళ్ళి రెండో కాయ కొట్టాడు. నల్లటి నీళ్ళు ముఖం మీదే చిమ్మాయి.

బాజాలు ఆగాయి. సరంగు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇరవై మంది ఉద్యోగులకీ తల ఊపాలో మానాలో తెలియలేదు. చిట్టెన వక్క నమలడం ఆపేశాడు.

రాజు ముఖం తుడుచుకుని, చేతిలోని చిప్ప వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. సరంగు కూడా ఆపుకోలేక నవ్వేశాడు. రాజు భుజం మీది జరీ శాలువా తీసి చిట్టెనకి కప్పి, ఖాళీ చెయ్యి పేరిందేవమ్మ వైపు చాచాడు.

"ఇంకోటి ఇవ్వమ్మా" అన్నాడు.