ఎదపొత్తిళ్ల నోము కథ

పూర్వము కంకణ ముని సుశ్రవ మహామునిని సమీపించి, వైద్యుడు అందుబాటున లేని ఊళ్లలో నెలలు నిండక పుట్టిన శిశువులను నిలుపు నోమేదైన కలదాయని యడిగెను. సుశ్రవుడు సంతసించి యిట్లు చెప్పసాగెను.

మంజరీపురమున అచ్చాంబ యను ఇల్లాలు కలదు. మడికి ఆమె పెట్టింది పేరు. ఆరవేసిన మడిచీర మీదుగా కాకి ఎగిరినను ఆ చీర మరల తడిపెడిది. ఆమె కోడలు మాధవికి నెలలు నిండకమునుపే మగశిశువు కలిగెను. ఆచారము తప్పరాదని అచ్చాంబ బిడ్డకు వెంటనే తలారా నీళ్లు పోయించి, తల్లికి ఎడముగా చేటలో పరుండబెట్టించెను. శిశువు పాలు గుంజలేక, ఒళ్లు చల్లబడి కన్నుమూసెను. ఇంటిల్లిపాదియు గొల్లుమనిరి. ఎక్కడనో మడి తప్పియుండునని అచ్చాంబ మరింత గట్టిగా మడి పట్టెను.

మరుసటి ఏట మాధవికి మరల నెలలు నిండకయే ఆడశిశువు కలిగెను. అచ్చాంబ నీళ్లకాగు పొయ్యికెక్కించుచుండగా పసిబిడ్డలను కాచు షష్ఠీదేవి మంత్రసాని రూపమున వచ్చెను. నీళ్లు పోయవద్దనియు, తడి తుడిచి, తలకు కుళ్లాయి తొడిగి, బట్టలు లేని బిడ్డను తల్లి రొమ్ముల నడుమ ఒంటికి ఒళ్లు తగులునట్లు నిలువుగా ఆనించి చీరతో కట్టుమనియు, తల్లిపాలే పట్టుచు, కండపట్టువరకు దింపవద్దనియు చెప్పి వెడలెను. మాధవి అట్లే చేసెను. శిశువు తేరుకొని పాలు గుంజెను.

పురుడు వెళ్లి ఇంట మరల పూజలు మొదలైన నాడు మాధవికి చలిజ్వరము తగిలెను. భర్త వైద్యునికై ఏరు దాటి పోయెను. బిడ్డ మరల చేటలోనికి చేరెను. అచ్చాంబ మడికట్టుకొని నైవేద్యము వండుచుండెను.

“అత్తయ్యా, పిల్ల కాళ్లు చల్లబడిపోతున్నాయి. నాకు లేచే ఓపిక లేదు. మీరు ఎత్తుకోండి!”

“మడిలో ఉన్నానే! బాలింత గదిలోకి ఎలా వచ్చేది?”

బిడ్డ మూలిగెను. పోయిన మనుమడు చివరకు అట్లే మూలిగెను. అచ్చాంబ పొయ్యిమీది గిన్నె దింపకయే గడప దాటి, రవిక విప్పి, బిడ్డను రొమ్మునకు హత్తుకొని మడిచీరతోనే కట్టుకొనెను.

“దేవుడికి కోపమొస్తే రానీ. ఆయనతో నేను మాట్లాడుకుంటాను.”

నైవేద్యము మాడిపోయెను. కొంతసేపటికి బిడ్డ వెచ్చబడి, నాయనమ్మ ఎండిన రొమ్మున పాలు వెదకెను. “నా దగ్గరేముందే తల్లీ! వాణ్ణీ ఇలాగే ఎత్తుకోవలసింది” అని అచ్చాంబ వెక్కివెక్కి ఏడ్చెను. దేవి సంతసించెను. మాధవి జ్వరము తగ్గెను. పిల్ల బొద్దుగా ఎదిగి, ఆ ఇల్లు పాడిపంటలతో కళకళలాడెను.

కావున ఓ మునీ! బిడ్డను ఎదకు కట్టుకొను ఈ నోము తల్లి పట్టవలెను. ఆమెకు ఓపిక లేనిచో తండ్రియైనను, అవ్వయైనను, పినతల్లియైనను పట్టవచ్చును. కులము, మడి, ముహూర్తము చూడరాదు. వైద్యశాలకు కొనిపోవునపుడును బిడ్డను ఇట్లే కట్టుకొని పోవలెను. పట్టినవారికి ఒడి నిండును, బిడ్డ బరువెక్కును.

ఈ కథ వినుచుండగా ఇంట బిడ్డ కాళ్లు చల్లగా తగిలినచో, కథ సగములో విడిచి లేచి బిడ్డను ఎత్తుకొనుడు. ఆ దోషము దేవి తానే మోయును.